వలపు... పిలుపు... బందరు రేవు

ప్రేమ గుడ్డిదని లోకమంతా అంటుంది. నలుగురికీ బుద్ధి చెప్పగలిగినవాళ్లు కూడా మనసు పారేసుకున్నాక పసిపిల్లల్లా మారిపోతారు. లాభనష్టాలు మరిచిపోతారు, పెద్దల మాట చెవికెక్కించుకోరు. బైబిలు ఈ సంగతిని ఏమాత్రం దాచిపెట్టలేదు. రాహేలు కోసం ఏడేళ్లు మామ మందలు కాసిన యాకోబుకు ఆ ఏడేళ్లూ కొద్ది రోజుల్లాగే గడిచిపోయాయి (ఆది 29:20). సింహాన్ని చీల్చిన సమ్సోను దెలీలా ఒడిలో తన బలం గుట్టు విప్పి కళ్లు పోగొట్టుకున్నాడు (న్యాయా 16). జ్ఞానానికి మారుపేరైన సొలొమోను ముసలితనంలో భార్యల వెంట వెళ్లి దేవునికి దూరమయ్యాడు (1 రాజులు 11). అమ్నోను తామారును ప్రేమిస్తున్నానన్నాడు, ఆ పేరుతోనే ఆమె బతుకు పాడుచేశాడు, ఆ వెంటనే ఆమెను అసహ్యించుకున్నాడు (2 సమూ 13). నలుగురిలోనూ ప్రేమ అనే మాట ఒక్కటే. కానీ ఫలితాలు ఎంత వేరు!

బందరు వాళ్లకు ఇలాంటి కథ ఒకటి తరతరాలుగా తెలుసు. మచిలీపట్నం సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ అనే స్త్రీ సమాధి ఉంది. పందొమ్మిదో శతాబ్దం తొలిరోజుల్లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జనరల్‌గా ఉన్న జాన్ పేటర్ ఆమెను ప్రాణంగా ప్రేమించాడని చెబుతారు. వారిద్దరికీ పెళ్లి కాకముందే ఆమె కన్నుమూసిందట. ఏదో నియమం అడ్డొచ్చి ఆమెను శ్మశానవాటికలో పాతిపెట్టడానికి పాదిరి ఒప్పుకోలేదట. సేనాపతి ఊరుకోలేదు. తన సొంత స్థలంలో ఆమెను సమాధి చేసి, ఆ సమాధి చుట్టూ చర్చి కట్టించి కంపెనీకి అప్పగించాడట! అద్దాల పెట్టెలో ఉంచిన ఆమె ముఖాన్ని ఆయన రోజూ చూసుకునేవాడని కూడా జనం చెప్పుకుంటారు. కథకు కాలక్రమంలో ఎన్ని రంగులు అద్దుకున్నాయో గానీ, సమాధి మాత్రం కళ్ల ముందే ఉంది. యుద్ధాలు నడిపించిన మనిషి బుద్ధిని కూడా ఒక మరణం ఓడించగలదని అది సాక్ష్యం చెబుతుంది.

ఈ కథ విని కళ్లు చెమర్చనివాళ్లు తక్కువ. అయితే అదే బందరు మట్టి మీద మరో దంపతుల ప్రేమకథ కూడా నడిచింది. దాన్ని గుర్తు చేసుకునేవాళ్లు మాత్రం తక్కువే. ఆ దంపతులు హెన్రీ వాట్సన్ ఫాక్స్, ఎలిజబెత్. నోబుల్ కాలేజీ పేరు విన్నవారందరికీ రాబర్ట్ నోబుల్ దొరగారు తెలుసు. ఆయనతో పాటు ఒకే ఓడలో వచ్చి, తెలుగు నేల మీద సి.ఎం.ఎస్. పరిచర్యకు పునాది వేసిన రెండో వ్యక్తే ఫాక్స్ దొరగారు. వలపుకూ పిలుపుకూ నడుమ నలిగిపోయిన ఆయన జీవితాన్ని ఈ వారం ధ్యానం చేసుకుందాం.

ఫాక్స్ 1817 అక్టోబర్ 1న ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని డర్హాం జిల్లాలో పుట్టారు. కలిగిన కుటుంబం. డర్హాంలో కొంత చదివాక రగ్బీ పాఠశాలకు వెళ్లారు. ఆ రోజుల్లో రగ్బీకి ప్రధానోపాధ్యాయుడు థామస్ ఆర్నాల్డ్. చదువు కంటే ముందు శీలం, శీలం కంటే ముందు దైవభక్తి అని నమ్మిన గురువు ఆయన. ఆ బడిలో చదివినవాళ్లు ఇంగ్లండులో పెద్ద పదవులకు ఎదిగారు. రగ్బీ నుంచి ఫాక్స్ ఆక్స్‌ఫర్డ్‌లోని వాడం కాలేజీకి వెళ్లి 1839లో పట్టా అందుకున్నారు. అలాంటి చదువు చదివిన యువకుడికి ఇంగ్లండులో ఒక మంచి సంఘం, పచ్చని తోట నడుమ పాదిరి బంగళా, గౌరవమైన జీవితం సిద్ధంగా ఉండేవి. ఆయన వాటిని కాదనుకుని, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లాలని తీర్మానించుకున్నారు. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రులు మిషనరీలుగా బయల్దేరడం చాలా అరుదు. నలుగురి దృష్టిలో అది తెలివైనవాడు చేసే పని కాదు.

అంటే ఆయన జీవితంలో బుద్ధి లెక్కలను మొదట పక్కకు నెట్టింది స్త్రీ మీద ప్రేమ కాదు, దేవుని మీద ప్రేమ. ఇది మనం గుర్తుంచుకోవాలి. ప్రేమలు ఎన్ని రకాలున్నా, లోకం వేసే లెక్కల్ని దాటించడంలో అన్నిటికీ ఒక పోలిక ఉంటుంది. వల విడిచిన పేతురు, పన్ను వసూలు చేసే బల్ల విడిచిన మత్తయి కూడా ఇరుగుపొరుగు కళ్లకు పిచ్చివాళ్లలాగే కనిపించి ఉంటారు.

వోల్వర్‌హాంప్టన్‌కు చెందిన ఎలిజబెత్ జేమ్స్‌ను ఫాక్స్ పెళ్లాడారు. పెళ్లయిన కొద్ది నెలలకే, 1841 మార్చిలో, కొత్త దంపతులు ఓడ ఎక్కారు. వారితో పాటు కేంబ్రిడ్జ్‌లో చదివిన నోబుల్ ఉన్నారు. ఫాక్స్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు, నోబుల్‌కు ముప్పై దాటాయి. సూయజ్ కాలువ తవ్వడానికి ఇంకా చాలా ఏళ్లుంది. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి. మార్చిలో బయల్దేరిన ఓడ మద్రాసు చేరేసరికి జూలై వచ్చింది. ఆ సంవత్సరం ముగిసేలోగానే ఫాక్స్ దంపతులకు బందరులో కొడుకు పుట్టాడు. అంటే ఆ సముద్ర ప్రయాణంలోనే ఎలిజబెత్ గర్భవతి! నాలుగు నెలలు నీళ్ల మీద, తల్లి లేదు, అత్త లేదు, తెలిసిన మంత్రసాని లేదు. మిషనరీల చరిత్రలు రాసేటప్పుడు మనం భర్తల పేర్లు పెద్ద అక్షరాలతో రాస్తాం. భార్యలు మోసిన బరువును ఒక వాక్యంలో దాటేస్తాం. అది న్యాయం కాదు.

వాళ్లు దిగిన బందరు ఎలాంటిది? 1605 నుంచే డచ్చివాళ్లు, 1611 నుంచి ఇంగ్లీషువాళ్లు వర్తకం చేసిన రేవు అది. ఇక్కడి అద్దకం బట్టలు దేశదేశాలకు ఎగుమతి అయ్యేవి. కానీ 1841 నాటికి ఆ వైభవం కరిగిపోయింది. ఇంగ్లండు మిల్లుల బట్ట వచ్చి మన నేతగాళ్ల, అద్దకంవాళ్ల నోటి దగ్గర కూడు లాగేసింది. తీరం మెరక కావడంతో ఓడలు దూరంగా లంగరు వేసేవి, మనుషులూ సరుకులూ చిన్న పడవల్లో ఒడ్డుకు రావాలి. ఊరి చుట్టూ ఉప్పు పర్రలు, బురద, దోమలు. వేసవిలో వడగాలి, వానాకాలంలో చలిజ్వరాలు. కృష్ణ మీద ఆనకట్ట ఇంకా కట్టలేదు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1833లో, డొక్కల కరువు ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసింది. ఇదీ చలిదేశంలో పెరిగిన కొత్త పెళ్లికూతురు కాపురానికొచ్చిన ఊరు.

ఫాక్స్, నోబుల్ ఇద్దరూ ముందు తెలుగు నేర్చుకున్నారు. తర్వాత పని పంచుకున్నారు. నోబుల్ బడి పెట్టి చదువుకున్న కుటుంబాల పిల్లలకు పాఠం చెప్పాలి. ఫాక్స్ వీధుల్లో, సంతల్లో, పల్లెల్లో జనం మధ్య నిలబడి సువార్త చెప్పాలి. నోబుల్ బడి 1843లో మొదలైంది. ఈనాటి నోబుల్ కాలేజీకి అదే మూలం. ఫాక్స్ ఊరూరా తిరిగారు. గుడారం వేసుకుని, జనం పోగయ్యేచోట నిలబడి, వచ్చీరాని తెలుగుతో మొదలుపెట్టి క్రమంగా ఆ భాషను తన సొంతం చేసుకున్నారు. విన్నవాళ్లు విన్నారు, వాదించినవాళ్లు వాదించారు, నవ్వినవాళ్లు నవ్వారు. కళ్లకు కనిపించే ఫలం దాదాపు లేదనే చెప్పాలి.

ఇద్దరు మిత్రులూ రెండు రకాల జీవితాలు ఎంచుకున్నారు. నోబుల్ పెళ్లి చేసుకోలేదు. తన బడే ఇల్లు, తన విద్యార్థులే పిల్లలు. ఫాక్స్ భార్యాబిడ్డలున్న సంసారి. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాస్తూ ఈ రెండు మార్గాల గురించీ చెప్పాడు (1 కొరింథీ 7). పెళ్లికాని సేవకుడు ప్రభువు పనుల గురించే ఆలోచిస్తాడు, పెళ్లయినవాడి మనసు రెండుగా చీలుతుంది. పౌలు ఆ చీలికను పాపం అనలేదు. ఆ బరువు ఉంటుందని ముందే హెచ్చరించాడంతే. ఫాక్స్ జీవితమంతా ఆ చీలిక కనిపిస్తుంది.

బందరు గాలి ఆ కుటుంబానికి పడలేదు. అనారోగ్యం ఇంట్లో తిష్ఠ వేసింది. చల్లని గాలి కోసం నీలగిరి కొండలకు వెళ్లి చాలాకాలం అక్కడే ఉండాల్సి వచ్చింది. ఏ జనం కోసం సముద్రాలు దాటి వచ్చారో ఆ జనానికి దూరంగా, కొండల మీద రోజులు లెక్కపెట్టుకోవడం సేవకుడికి ఎంత వేదన! 1844లో తిరిగి బందరు చేరి పని అందుకున్నారు. కానీ ఏడాది తిరిగేసరికి ఎలిజబెత్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఆమెను ఇంగ్లండుకు తీసుకెళ్లడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆయన ముందు రెండు దారులున్నాయి. భార్యనూ పిల్లలనూ ఓడలో ఎవరికైనా అప్పగించి, తాను బందరులో ఉండిపోవచ్చు. పని అప్పుడప్పుడే కుదురుకుంటోంది, భాష నోటికి పట్టుబడింది, పల్లెలు గుర్తుపడుతున్నాయి. ఇప్పుడు వదిలితే నాలుగేళ్ల కష్టం చెదిరిపోతుంది. పరిచర్య లెక్క వేస్తే ఉండిపోవడమే తెలివి. ఆ రోజుల్లో అలా చేసినవాళ్లూ ఉన్నారు, వారిని త్యాగమూర్తులని పొగిడినవాళ్లూ ఉన్నారు. ఫాక్స్ అలా చేయలేదు. పని ఆపి, భార్య పక్కన ఓడ ఎక్కారు. ప్రేమ ఆయన లెక్కను దాటింది. భర్త భార్యను ఎలా ప్రేమించాలో చెబుతూ పౌలు ఎఫెసు సంఘానికి చూపించిన కొలత క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్న కొలతే (ఎఫెసీ 5:25). ఆ వాక్యం ఉపన్యాసంలో చెప్పడం సులువు. దాని కోసం జీవితాశయాన్ని రేవులో వదిలి పడవ ఎక్కడం సులువు కాదు.

కానీ ఆ ప్రయాణం ఇంగ్లండు దాకా వారిద్దరిదీ కాలేదు. 1845 చివర్లో మద్రాసులో ఓడ ఎక్కాక, స్వదేశం ముఖం చూడకుండానే, ఆ ఓడలోనే ఎలిజబెత్ కన్నుమూసింది. నాలుగేళ్ల కింద చేయి పట్టుకుని అదే మద్రాసు రేవులో దిగిన భర్త అక్కడే ఆమెను పోగొట్టుకున్నాడు. పరిచర్య విడిచి వచ్చాడు, ఎవరి కోసం విడిచాడో ఆమె దక్కలేదు. చేతిలో మిగిలింది తల్లిలేని పిల్లలు, ముందు నెలల తరబడి సముద్రం.

జనరల్ పేటర్‌కు వచ్చిన చీకటే ఫాక్స్‌కూ వచ్చింది. మేము ఆ సేనాపతిని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. దుఃఖంలో ఉన్నవాడికి తీర్పు తీర్చే అధికారం ఎవరికీ లేదు. పైగా బందరు కథలో చెప్పినట్టే జరిగితే, చనిపోయిన స్త్రీకి ఆరడుగుల నేల నిరాకరించిన పాదిరి కఠిన హృదయం ఆ సేనాపతి పిచ్చి ప్రేమ కంటే పెద్ద తప్పు. బుద్ధి పేరుతో, నియమం పేరుతో మనం కూడా రాళ్లమైపోవచ్చు. సమాధి గోతి దగ్గర కూడా పెళ్లి ఎలా జరిగింది, ఏ కులంలో జరిగింది, సభ్యత్వం ఉందా లేదా అని లెక్కలు తీసే సంఘాలు నేటికీ లేవంటారా? లాజరు సమాధి దగ్గర ప్రభువు లెక్కలు అడగలేదు, కన్నీరు కార్చాడు.

అయినా ఇద్దరి ప్రేమకూ ఒక తేడా ఉంది. ఒకరి ప్రేమ పోయినదాన్ని పట్టుకుని దాని చుట్టూ గోడలు కట్టుకుంది. మరొకరి ప్రేమ పోయినదాన్ని దేవుని చేతిలో పెట్టి, ఇంకా బతికున్నవాళ్ల వైపు తిరిగింది. ఫాక్స్ ఇంగ్లండు చేరారు. పిల్లల్ని అయినవాళ్ల దగ్గర పెట్టారు. బంధువులు, మిత్రులు, వైద్యులు, అందరి దృష్టిలోనూ ఇక ఆయన కథ ముగిసినట్టే. ఒకసారి వెళ్లాడు, భార్యను పోగొట్టుకున్నాడు, ఆరోగ్యం అంతంతమాత్రం. ఇప్పుడు స్వదేశంలో ఒక సంఘం చూసుకుని పిల్లల్ని పెంచుకోవడమే బుద్ధి అని ఎవరైనా అంటారు. ఆయన 1846లో మళ్లీ ఓడ ఎక్కారు. ఒంటరిగా!

ఇది సరైన నిర్ణయమేనా? పాఠకుల్లో చాలామంది తల్లులకు ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. తల్లి లేని పిల్లల్ని తండ్రి కూడా విడిచి వెళ్లవచ్చా? మేము ఈ ప్రశ్నను తుడిచేయాలనుకోవడం లేదు. ఆ కాలంలో ఇంగ్లీషు కుటుంబాలు పిల్లల్ని ఉష్ణదేశపు జ్వరాలకు దూరంగా స్వదేశంలో పెంచడం మామూలే. బందరులో ఆ పిల్లల్ని ఉంచితే వారి ప్రాణాలకే ముప్పు. అయినా తండ్రి మెడ పట్టుకుని ఏడ్చే పసిబిడ్డకు ఈ కారణాలేవీ అర్థం కావు. యౌవనుల ప్రేమ బుద్ధిని కప్పేస్తుందని హెచ్చరించే మేము, దైవపిలుపు పేరుతో కూడా మనిషి కుటుంబాన్ని చూడకుండా పరుగెత్తగలడని ఒప్పుకోవాలి. సేవ సేవ అంటూ తిరిగి, ఇంట్లో భార్య ఏడుస్తున్నా వినని దైవసేవకులు ఉన్నారు. వాళ్లు ఫాక్స్ పేరు చెప్పుకుని తమను తాము సమర్థించుకోకూడదు. ఎందుకంటే ఫాక్స్ భార్యకు అవసరమైన రోజున పరిచర్యను ఆపాడు. పిల్లల్ని దిక్కులేనివాళ్లుగా వదలలేదు, అయినవాళ్ల చేతుల్లో పెట్టాడు. ఆ తర్వాతే, ఆ కన్నీళ్లతోనే, పిలుపు వైపు నడిచాడు.

రెండోసారి వచ్చిన ఫాక్స్‌కు బందరులో నోబుల్ స్నేహమే ఇల్లు. ఎలిజబెత్‌తో కాపురం చేసిన ఊళ్లో, ఆమె లేకుండా, మళ్లీ ఆ వీధుల్లో నిలబడి అదే సువార్త చెప్పారు. ఎక్కువ కాలం శరీరం సహకరించలేదు. 1848లో ఆరోగ్యం పూర్తిగా పాడై భారతదేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ స్థితిలో కూడా ఊరికే కూర్చోలేదు. దక్షిణ భారతంలో మిషన్ పని గురించి ఒక పుస్తకం ఆ ఏడాదే వెలువరించారు. సి.ఎం.ఎస్. ఆయనకు లండన్‌లో సహాయ కార్యదర్శి బాధ్యత అప్పగించింది. కానీ ఆ బాధ్యత మోసే బలం మిగల్లేదు. 1848 అక్టోబర్ 14న డర్హాంలో ప్రభువు సన్నిధికి చేరారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఒక్క ఏళ్లు!

ఏడేళ్ల పరిచర్య, అందులో కొండల మీద, ఓడల్లో, పడకల మీద గడిచినది తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. చేతికి అందిన పంట లేదు. భార్య లేదు, ఆరోగ్యం లేదు. లోకం లెక్కలో ఇది పూర్తి నష్టం. దేవుని లెక్క మాత్రం అక్కడితో ఆగలేదు.

ఫాక్స్ చదివిన రగ్బీ పాఠశాలవాళ్లు ఆయన జ్ఞాపకార్థం నిధి పోగుచేసి, బందరులోని నోబుల్ బడిలో ఒక ఉపాధ్యాయ పదవిని నెలకొల్పారు. దానికి రగ్బీ ఫాక్స్ మాస్టర్‌షిప్ అని పేరు. వీధిలో నిలబడి మాట్లాడిన మనిషి గొంతు ఆగిపోయాక, ఆయన పేరు మీద తరగతి గదిలో తెలుగు పిల్లలకు పాఠాలు సాగాయి. 1852లో ఆ బడి నుంచి అగ్రకులాల విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికింది, బడి దాదాపు ఖాళీ అయింది. అయినా నోబుల్ చెదరలేదు, బడి మళ్లీ నిండింది. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరునూ చుట్టుపక్కల పల్లెలనూ ముంచేసి సుమారు ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ శవాల ఊరిలో కూడా నోబుల్ ఉన్నారు. 1865 అక్టోబర్‌లో, ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లకుండా, బందరులోనే కన్నుమూశారు.

మరి ఆ పసివాడు ఏమయ్యాడు? 1841లో బందరులో పుట్టి, నాలుగేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకుని, ఏడేళ్లు నిండేసరికి తండ్రిని కూడా పోగొట్టుకున్న ఆ కొడుకు పేరు హెన్రీ ఎలియట్ ఫాక్స్. దేవుని మీద కోపం పెంచుకోవడానికి ఆ అబ్బాయికి కావలసినన్ని కారణాలున్నాయి. కానీ ఆయన కూడా గురువయ్యారు. 1895లో తన తల్లిదండ్రులను బందరుకు పంపిన అదే సి.ఎం.ఎస్.కు గౌరవ కార్యదర్శి అయ్యారు. 1910 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. తల్లిదండ్రుల ప్రేమ తనను మోసం చేసిందని అనుకున్న బిడ్డ ఆ కుర్చీలో కూర్చుంటాడా? ఆలోచించండి.

కృష్ణా డెల్టా వాళ్లకు మేము ఒక్క మాట చెబితే చాలు, అర్థమైపోతుంది. ఫాక్స్ పోయిన నాలుగేళ్లకు, 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. అంతకుముందు కూడా కృష్ణలో నీళ్లున్నాయి. కానీ ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. అదే నీటిని ఆనకట్ట దగ్గర నిలిపి, కాలవల్లోకి మళ్లించి, గట్ల మధ్య నడిపిస్తే గుడివాడ మాగాణి పచ్చబడింది, దివిసీమలో వరి పండింది. ఎవరూ నదిని ఎండగట్టలేదు. దారి చూపించారంతే. అదే దివిసీమలో 1977 నవంబర్ 19న సముద్రం గట్టు దాటి వచ్చినప్పుడు ఏమైందో చెప్పనక్కర్లేదు. వేలమంది ప్రాణాలు ఒక్క రాత్రిలో కొట్టుకుపోయాయి. గట్ల మధ్య నీళ్లు అన్నం పెడతాయి, గట్టు తెంచుకున్న నీళ్లు ప్రాణం తీస్తాయి.

ప్రేమ కూడా అంతే. ప్రేమను మనసులోంచి తోడిపారేయమని బైబిలు ఎక్కడా చెప్పలేదు. పరమగీతం అనే గ్రంథాన్నే దేవుడు తన వాక్యంలో ఉంచాడు. ప్రేమ మరణమంత బలమైనదని ఆ గ్రంథం ఒప్పుకుంటుంది (పరమగీతము 8:6). ఆ బలానికి గట్లు కావాలి. దేవుని భయం ఒక గట్టు, ఎదుటి మనిషి క్షేమం రెండో గట్టు. వాటి మధ్య నడిచే ప్రేమ బుద్ధిని మించిపోయినా ముంచేయదు.

అందుకే ప్రేమలో ఉన్న యువతీయువకులకు మేము మూడు ప్రశ్నలు ఇస్తున్నాం. నీ ప్రేమ నిన్ను దేవునికి దగ్గర చేస్తోందా, ప్రార్థన మాన్పిస్తోందా? నీ ప్రేమ ఆ మనిషికి ఏమి కావాలో అడుగుతోందా, నీకు ఏమి కావాలో మాత్రమే అడుగుతోందా? రేపు ఆ మనిషి కాదంటే, దూరమైతే, లేకపోతే, నీవు ఇంకా బతికి మరొకరికి ఆశీర్వాదంగా ఉండగలవా? అమ్నోను ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు చెప్పలేడు. కాదన్న అమ్మాయి మీద కక్ష కట్టేవాడూ చెప్పలేడు. వాడిది ప్రేమ కాదు, ఆకలి. ప్రేమ దక్కలేదని పురుగుల మందు డబ్బా వైపు చూసే బిడ్డలారా, ఒక్క రోజు ఆగండి. మీ ఇంట్లోవాళ్లతో, మీ కాపరితో, ఒక మంచి స్నేహితుడితో మాట్లాడండి. మద్రాసు సముద్రం మీద అన్నీ పోగొట్టుకున్న ఆ ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు కూడా ఆ మర్నాడు లేచి పిల్లలకు అన్నం తినిపించాల్సి వచ్చింది. ఆయన కథ అక్కడ ముగియలేదు. మీ కథ కూడా ముగియలేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లలు మనసిచ్చినప్పుడు కులం, కట్నం, పరువు అనే లెక్కలు ముందు పెట్టి వాటినే బుద్ధి అనుకోకండి. మోయాబు నుంచి వచ్చిన రూతును బేత్లెహేము లెక్కలు ఎలా చూసి ఉంటాయి? అయినా రక్షకుడి వంశావళిలో దేవుడు ఆమె పేరు రాయించాడు (మత్తయి 1:5). అబ్బాయి గుణం, అమ్మాయి విశ్వాసం, ఇద్దరి బాధ్యత, ఇవి చూడండి. ప్రేమతో మాట్లాడితే వినే పిల్లలు, తలుపులు మూస్తే గట్టు తెంచుకుంటారు.

సంఘాలకూ ఒక మాట. మీ కాపరి వెనుక ఒక ఎలిజబెత్ ఉంది. ఎండలో, అరకొర జీతంలో, ఊరు మారిన ప్రతిసారీ పిల్లల బడి మారుస్తూ ఆమె నడుస్తోంది. ఆమె జబ్బు పడినప్పుడు ఆదివారం ఆరాధనకు ప్రసంగీకుడు లేడని సణగకండి. పది రోజులు భార్య దగ్గర ఉండమని మీరే కాపరిని పంపండి.

చివరికి మనల్ని కూడా ఒక ప్రేమే పట్టుకుంది. సృష్టికర్త పశువుల తొట్టిలో పుట్టడం, నిర్దోషి దోషుల కోసం సిలువ ఎక్కడం ఏ లెక్కకూ అందదు. సిలువను గూర్చిన వార్త లోకానికి వెర్రితనంగా కనిపిస్తుందని పౌలు ముందే చెప్పాడు (1 కొరింథీ 1:18). ఆ ప్రేమ తన కోసం ఏదీ అడగలేదు, అన్నీ ఇచ్చింది. అందుకే అది దేవుని జ్ఞానమైంది. ఆ ప్రేమలో తడిసిన మనిషి భార్యను ప్రేమించినా, భర్తను ప్రేమించినా, బిడ్డను ప్రేమించినా, ఊరిని ప్రేమించినా ఎవరినీ ముంచడు. బందరు రేవులో దిగిన ఆ యువ దంపతులు మనకు నేర్పే పాఠం ఇదే. ఈ వారం మీ ఇంట్లో ఎవరిని ప్రేమిస్తున్నారో వారి పేరు చెప్పి ప్రార్థించండి. వారి క్షేమం కోసం మీరు ఏమి విడిచిపెట్టగలరో కూడా దేవుని ఎదుట చెప్పండి. ఆయన మీ ప్రేమకు గట్లు వేస్తాడు, పంటా ఇస్తాడు.